ఎంపీత్రీ ముందు నేను పెట్టిన గీత

దుబాయ్‌లోని జెబెల్ అలీలో ఒక రంజాన్ నెలంతా వేలమందిని సెహరీకి నిద్రలేపినవాణ్ణి నేను. ఈ మాట చాలా చోట్ల చెప్పుకున్నాను. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరివాళ్ళకు చెప్పాను. రైల్లో ఎదుటి సీటువాళ్ళకు చెప్పాను. పళ్ళ డాక్టరు నా నోట్లోంచి చెయ్యి తియ్యగానే ఆయనకూ చెప్పాను. ఉపవాసం ఉండేవాళ్ళు తెల్లవారకముందే లేచి నాలుగు ముద్దలు తిని, నీళ్ళు తాగుతారు. ఆ తర్వాత పొద్దుగూకేదాకా చుక్క నీళ్ళు కూడా ముట్టరు. ఆ తెల్లవారుజాము భోజనమే సెహరీ. పనివాళ్ళం ఉండే క్యాంపు క్యాంపంతా ఆ వేళకు లేచేదంటే నేను తయారు చేసిన కంప్యూటరు వల్లే అని చెప్పేవాణ్ణి. విన్నవాళ్ళు అబ్బో అనేవాళ్ళు. అబ్బో అనిపించుకోవడమంటే నాకు చిన్నప్పటినుంచీ సరదా.

ఆ కథలో ఒక రోజును ఎప్పుడూ దాటేసేవాణ్ణి. ఎవరూ లేవని రోజు. దుబాయ్ వదిలి వచ్చి ఇన్నేళ్ళయినా ఆ రోజు మాత్రం నన్ను వదల్లేదు. ఎవరైనా తిట్టినప్పుడు అది ఊరికే పడి ఉంటుంది. మెచ్చుకున్నప్పుడే లోపల కదులుతుంది. ఎందుకో మీకు ముందుముందు తెలుస్తుంది. ఈ బరువును మీ నెత్తిన పెడదామని కాదు. మీరు మోయనక్కర్లేదు. వింటే చాలు.

ముందు ఆ వేలమంది సంగతి తేల్చేస్తాను. వేలమంది కాదు. మా కంపెనీ క్యాంపులో ఉపవాసం ఉండేవాళ్ళవి రెండు బ్లాకులు. రెండు మూడు వందలమంది ఉంటారేమో. వేలు అంటే వినడానికి బాగుంటుందని వేలు చేశాను. నెలంతా అన్నదీ నిజం కాదు, సగం నెలే. కంప్యూటరు నేను తయారు చేసింది కాదు, ఆఫీసువాళ్ళు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నది. చివరికి ఆ స్పీకర్లలో వినిపించే గొంతు కూడా నాది కాదు. గుల్ చాచాది.

చాచా మా క్యాంపు వాచ్‌మన్. పెషావరు వైపు పఠాను. రంజాన్ వస్తే ఖాళీ నూనె డబ్బా ఒకటి చంకన పెట్టుకుని, దాన్ని ఇనప కడ్డీతో వాయిస్తూ, వరండాల వెంట తిరిగి అందరినీ లేపేవాడు. పక్కనే మసీదు ఉన్నా లాభం లేదు. ప్రతి గదికీ ఒక కిటికీ ఏసీ, ఆ ఏసీల హోరులో బయటి శబ్దం లోపలికి వచ్చేది కాదు. డబ్బా మోత ఒక్కటే వినపడేది. అయితే అది ఉపవాసం లేనివాళ్ళ బ్లాకుల దాకా కూడా వినపడేది. వాళ్ళు గొణిగేవాళ్ళు. రెండువేల ఆరులో, రంజాన్ సెప్టెంబరు చివర్లో, ఎండ ఇంకా తగ్గకముందే వచ్చిన ఏడు, నేను క్యాంపు బాసు దగ్గరికి వెళ్ళి ఒక ఉపాయం చెప్పాను. ఆ రెండు బ్లాకుల వరండాల్లో స్పీకర్లు పెడదాం, చాచా పిలుపును రికార్డు చేసి కంప్యూటరులో పెడదాం, టైముకు అదే మోగుతుంది అని. బాసు మలయాళీ, మంచివాడే, కొత్త సంగతులంటే మోజు. చాచాను కూర్చోబెట్టి "ఉఠో భాయియో, సెహరీ కా వక్త్ హో గయా", లేవండి తమ్ముళ్ళూ, సెహరీ వేళైంది, అనిపించి రికార్డు చేశాను. ఆయన గొంతు తీసుకుని, ఇక పడుకో చాచా, నీకు విశ్రాంతి అన్నాను. ఆయన డబ్బాను గేటు దగ్గరి గదిలో మంచం కిందికి తోశాడు.

నేను అక్కడ పనివాళ్ళ హాజరు రాసే టైం కీపర్‌ని. అంతకుముందు కాకినాడలో టైపు, కంప్యూటరు నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడిపి మూసేసినవాణ్ణి. అందుకని క్యాంపంతా నన్ను మాస్టారు అనేది. వయసు అరవైకి దగ్గర పడుతోంది. ఆ వయసువాళ్ళకు మళ్ళీ వీసా కొట్టడం కంపెనీ దయ. ఆ ఏడాది నా కాగితాలు క్యాంపు బాసు టేబుల్ మీదే ఉన్నాయి, ఆయన మంచి మాట ఒకటి రాసి పైకి పంపాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. సాకుగా చెప్పడం లేదు. సాకేనేమో కూడా.

ఇక రసూల్. నెల్లూరు జిల్లావాడు, కావలి దగ్గరి పల్లె. ఇనుము కోసి అతికే మా ఫ్యాబ్రికేషన్ యార్డులో ఫిట్టరుగా ఉండి, పరంజా మీంచి పడి మోకాలు చెడగొట్టుకున్నాడు. ఎక్కువసేపు నిలబడితే కాలు వాచిపోయేది. అలాంటివాళ్ళ వీసా మామూలుగా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తారు. నేనే బాసుకు చెప్పి వాణ్ణి క్యాంపు ఆఫీసులో నా దగ్గర వేయించాను అని మా ఊళ్ళో చెబుతుంటాను. అదీ కొంచెం సాగదీసిందే. బాసు అప్పటికే వేసేశాడు, నేను సరే అన్నాను, అంతే. కానీ కంప్యూటరు నేర్పింది మాత్రం నేనే. ఇందులో పెంచిందేమీ లేదు. కూర్చుని చేసే పని, గది తాళాలు, ఫోన్లు, ఆ మిషను బాగోగులు. ఆ కుర్చీ వాడికి ఎంత ముఖ్యమో నాకు తెలుసు. కుర్చీ పోతే మళ్ళీ నిలబడి చేసే పని. నిలబడలేకపోతే ఇల్లు.

రసూల్ సాయంత్రాలు ఆ మిషనులో పాటలు పెట్టేవాడు. డ్యూటీ నుంచి వచ్చినవాళ్ళు స్నానం చేసి, తల తుడుచుకుంటూ మా కిటికీ దగ్గరికి చేరేవాళ్ళు. పాత తెలుగు పాటలు, ఖవ్వాలీలు, ఎవరికేది కావాలంటే అది. "రసూల్ భాయ్, మాదొకటి వెయ్యవా" అని బతిమాలేవాళ్ళు. మెల్లగా ఆ గది పేరు మారిపోయింది. అంతకుముందు మాస్టారి రూము. తర్వాత రసూల్ రూము. ఎవరూ కావాలని మార్చలేదు, నోళ్ళల్లో అలా తిరిగింది. అది నాకు గుచ్చుకుంది. ఏం గుచ్చుకోవడం? గది నాది కాదు, కంపెనీది. పాటలు నావి కావు. మరి నొప్పి ఎక్కడిది? ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను, నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. కుళ్ళు. అంతే.

ఇక్కడ కాస్త మిషను సంగతి చెప్పాలి, ఓపిక పట్టండి. మామూలు కంప్యూటర్లకు ప్రోగ్రాములు తయారై వస్తాయి, తెచ్చి పెట్టుకోవడమే. నేను ఎక్కించిన లినక్స్ అనే సిస్టం ఆ రకం కాదు. అందులో ప్రతి ప్రోగ్రామూ ముడిసరుకుగా దిగుతుంది, మన మిషనే దాన్ని తనకు తగ్గట్టు కట్టుకుంటుంది. పాత మిషను అయితే ఒక్కోసారి శుక్రవారం సెలవు మొత్తం కడుతూనే ఉంటుంది. ఏది తేవాలి, ఏది ముందు కట్టాలి, ఏది దేని మీద ఆధారపడింది అన్నీ చూసుకునే పెత్తందారు ప్రోగ్రాము ఒకటి ఉంటుంది, ప్యాకేజీ మేనేజరు అంటారు. కట్టేముందు అది ఒక ఫైలు చూస్తుంది. మనకు ఏవి కావాలో, ఏవి వద్దో అందులో రాసి ఉంటాయి. కావాలంటే పేరు రాస్తే చాలు. వద్దంటే పేరు ముందు ఒక చిన్న అడ్డగీత. ఎంపీత్రీ అని రాసి ఉంటే, పాటల ప్రోగ్రామును ఎంపీత్రీ పాటలు పాడేలా కడుతుంది. గీత ఉంటే, ఆ విద్య రానిదిగా కడుతుంది.

ఆ ఏడు వేసవిలో ఒక మధ్యాహ్నం రసూల్ భోజనానికి వెళ్ళినప్పుడు నేను ఆ ఫైలు తెరిచి ఎంపీత్రీ ముందు గీత పెట్టాను.

సాయంత్రం కిటికీ దగ్గర అందరూ చేరితే పాట రాదు, రసూల్ కంగారు పడతాడు, నన్ను పిలుస్తారు, నేను కాసేపు గడ్డం గోక్కుని గీత తీసేస్తాను, పాట వస్తుంది, గది మళ్ళీ మాస్టారిది అవుతుంది. ఇదీ నా పన్నాగం. చూస్తే పిల్లచేష్ట. మనవలున్నవాడి పిల్లచేష్ట.

సాయంత్రం పాటలు బ్రహ్మాండంగా వచ్చాయి. మర్నాడూ వచ్చాయి. నాకేమీ అర్థం కాలేదు.

ఎందుకు వచ్చాయో తర్వాత తెలిసింది. మా గేటు ఎదురుగా ఒక దర్జీ ఉండేవాడు, మా అందరి కొలతలూ చీటీల మీద రాసి పెట్టుకునేవాడు. చీటీలో చేతులు పొట్టి చెయ్యమని దిద్దిస్తే, ఒంటి మీద ఉన్న చొక్కా చేతులు ఊడిపోవు కదా. తర్వాత కుట్టే చొక్కాకే ఆ కొలత. ప్యాకేజీ మేనేజరు పద్ధతీ అదే. ఫైలులో ఏం మార్చినా, అప్పటికే కట్టి ఉన్న ప్రోగ్రాము జోలికి పోదు. దాన్ని మళ్ళీ కట్టాల్సిన పని పడినప్పుడు మాత్రం కొత్త కొలతే తీసుకుంటుంది. కొలతలు మారినవాటిని వెతికి ఇప్పుడే మళ్ళీ కట్టు అని విడిగా ఆజ్ఞ ఇస్తే ఆ పని అప్పటికప్పుడే చేస్తుంది. అలాంటి ఆజ్ఞ ఒకటుందని నాకు తెలియదు, కంప్యూటరు మాస్టారికి. నా గీత పనిచెయ్యలేదనుకుని ఊరుకున్నాను. తీసెయ్యనూ లేదు. ఎందుకు తీసెయ్యలేదు? బద్ధకమా? ఎప్పటికైనా పనికొస్తుందన్న ఆశా? ఒక్కోసారి ఒక్కో జవాబు నిజమనిపిస్తుంది.

రంజాన్ వచ్చింది. రసూల్ నెలంతా పాటలు ఆపేశాడు. స్పీకర్లలో చాచా గొంతు రోజూ టైముకు పలికింది, జనం లేచారు, తిన్నారు. బాసు నా భుజం తట్టాడు. చాచా గొంతు కూడా ఎంపీత్రీగానే దాచానన్న సంగతి నాకు తట్టలేదు. నన్ను నమ్మండి, అది మాత్రం తట్టలేదు.

సగం నెల గడిచాక ఒక శుక్రవారం. ప్రతి శుక్రవారం జుమా నమాజుకు ముందు రసూల్ మిషనుకు కొత్త అప్‌డేట్లు ఎక్కించేవాడు, నేను నేర్పిన అలవాటే. ఆ వారం శబ్దం పనులన్నిటికీ అడుగున ఉండే ప్రోగ్రాము ముక్క, లైబ్రరీ అంటారు, ఒకటి కొత్తది వచ్చింది. అడుగుది మారితే దాని మీద నిలబడ్డ పాటల ప్రోగ్రామునూ మళ్ళీ కట్టాలి. మేనేజరు ఆ మాట ముందే చెబుతుంది. కట్టబోయేవాటి పేర్లు, వాటి పక్కన కొలతలు తెర మీద చూపిస్తుంది. కిందటిసారికీ ఇప్పటికీ ఏదైనా కొలత మారి ఉంటే దాన్ని వేరే రంగులో, పక్కన ఒక స్టారు గుర్తుతో చూపిస్తుంది. సరేనా అని అడిగి ఆగుతుంది. పాపం, దానికి చేతనైనంత హెచ్చరిక అది చేసింది.

నేను బయట కిటికీ ఊచకు అద్దం తగిలించి గడ్డం గీసుకుంటున్నాను. లోపల్నుంచి రసూల్ పిలిచాడు.

"మాస్టారూ, ఒకసారి ఇట్ల వస్తారా. ఎంపీత్రీ పక్కన ఏందో స్టారు వచ్చుండాది. ముందర గీత కూడా ఉండాది."

"అవన్నీ వస్తుంటాయి రసూల్. ఎంటర్ కొట్టు."

"పోయిన వారం లేదు మాస్టారూ ఇది."

"నీకు నమాజు టైమవడం లేదూ? కొట్టేసి పో నాయనా. నీ స్టారు ఎక్కడికీ పోదు."

"కొట్టేదా అయితే?"

"కొట్టు."

కొట్టాడు. నేను లోపలికి వెళ్ళలేదు. ముఖం నిండా సబ్బు. తెర చూడలేదు. చూసి ఉంటే ఆపేవాణ్ణేమో. చూడలేదు కాబట్టి ఆపలేదు.

శనివారం తెల్లవారుజామున స్పీకర్లు మోగలేదు. మిషను టైముకు చాచా గొంతును తీసి పాటల ప్రోగ్రాముకు ఇచ్చింది. ఇదేమిటో నాకు తెలియదని అది మౌనంగా తప్పుకుంది. గంట లేదు, గోల లేదు. రెండు బ్లాకులూ పడుకునే ఉన్నాయి. రసూల్ కూడా ఆ స్పీకరునే నమ్ముకుని పడుకున్నాడు. అందరూ లేచింది యార్డుకు తీసుకెళ్ళే బస్సు హారనుకు. అప్పటికే తెల్లారిపోయింది, తినే వేళ దాటిపోయింది. కొందరు ఆ రోజుకు ఉపవాసం వద్దనుకున్నారు. చాలామంది ఉన్నారు. ముందు రోజు రాత్రి తిన్న తిండితో, నీళ్ళు లేకుండా, సెప్టెంబరు ఎండ పోని ఆ యార్డులోకి వెళ్ళారు.

కడప వెల్డరు బాషా మధ్యాహ్నం దాటాక ఇనుము మీద పడిపోయాడు. తలకు దెబ్బ తగల్లేదు, అది దేవుడి దయ. పక్కనున్నవాళ్ళు పట్టుకున్నారు. క్లినిక్కుకు తీసుకెళ్ళి సెలైను పెట్టారు. బస్సు క్లినిక్కు ముందు ఆగి ఉంటే నేను చూశాను, వాళ్ళు వాణ్ణి చెరో రెక్కా పట్టి దించుతుంటే. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి నవ్వబోయాడు.

అప్పుడు ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని చూశాను. వేరే రకం శబ్దాలన్నీ వస్తున్నాయి. ఎంపీత్రీ ఒక్కటే రావడం లేదు. గీత గుర్తొచ్చింది. గుర్తొచ్చిన వెంటనే ఏం చేశాను? బయటికి పరిగెత్తి చెప్పానా? గీత తీసేశాను. ప్రోగ్రామును మళ్ళీ కట్టించాను. అది కడుతున్నంతసేపూ కుర్చీలో కూర్చుని బాసు టేబుల్ మీది నా కాగితాల గురించి ఆలోచించాను. బాషా గురించి కాదు. రసూల్ గురించి కాదు.

సాయంత్రం ఉపవాసం విడిచాక మెస్సులో బాసు అందరి ముందూ అడిగాడు, మిషనును ఎవరు ముట్టుకున్నారని. "కిస్నే హాథ్ లగాయా?"

రసూల్ బల్ల పట్టుకుని లేచాడు. "నేనే సార్. నిన్న అప్‌డేట్ చేసింది నేనే."

అంతే అన్నాడు. మాస్టారు కొట్టమన్నారు అనలేదు. నా వైపు చూడను కూడా లేదు. చూస్తే నేను ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. బాసు నా వైపు తిరిగాడు. బాగైందా అన్నాడు. బాగైంది సార్, నేను సరిచేశాను అన్నాను. నేను సరిచేశాను. ఈ రెండు ముక్కలూ నా నోటినుంచే వచ్చాయి. బాసు అందరికీ వినపడేలా మెచ్చుకున్నాడు. మాస్టర్ ఉన్నాడు కాబట్టి సరిపోయింది అన్నాడు. మెచ్చుకున్నప్పుడల్లా లోపల ఒకటి కదులుతుందన్నాను చూడండి, అది ఆ సాయంత్రం పుట్టింది.

రసూల్‌ను ఆఫీసు నుంచి తీసేశారు. యార్డుకు పంపబోతే చాచా అడ్డం వచ్చాడు. ఆ కాలుతో యార్డేమిటి, మెస్సులో వెయ్యండి, నా కళ్ళముందు ఉంటాడు అని బాసుతో గొడవ పెట్టుకున్నాడు. క్యాన్సిల్ తప్పింది. కానీ మెస్సు పని కూడా నిలబడేదే. పెద్ద పెద్ద డేగిసాల ముందు, గాడిపొయ్యిల వేడిలో, ఆ మోకాలితో.

ఇక్కడినుంచి నేను చెప్పాల్సింది ఎక్కువ భాగం కృతజ్ఞతే. వింతగా ఉంటుందని తెలుసు. తప్పు చేసినవాడికి సిగ్గు ఉండాలి, ఉంది. కానీ ఆ మిగిలిన సగం నెల తలుచుకుంటే సిగ్గు కంటే ముందు వచ్చేది వాళ్ళ దయే.

స్పీకరు బాగైనా జనం దాన్ని నమ్మలేదు. చాచాను అడిగారు. ఆయన మంచం కిందినుంచి డబ్బా తీశాడు. ఆయన గొంతు లాక్కుని ఆయన్ను మూలకు తోసినవాణ్ణి నేను. నన్ను దెప్పవచ్చు. మర్నాడు గేటు దగ్గర ఎదురైతే నా చేతిలో టీ గ్లాసు పెట్టి, "మాస్టర్, మషీన్ సో జాతీ హై. బుడ్ఢా నహీఁ సోతా" అన్నాడు. మిషను నిద్రపోతుంది కానీ ముసలాడు పోడట. అని తనే పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను. ఆ రోజు నన్నెవరైనా నిలదీసి ఉంటే అబద్ధాలు ఇంకా పెద్దవి చెప్పేవాణ్ణి.

బాషా క్లినిక్కునుంచి వచ్చి నా గదికే వచ్చాడు, పరామర్శ తనకు కాదు నాకన్నట్టు. "నేను మొద్దునిద్ర మనిషిని సార్, స్పీకరొచ్చినా లేచేవాణ్ణి కాదులే. మీరేం మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. మనసులో ఏం ఉందో వాడికి తెలియదు. తెలియకుండానే ఓదార్చి వెళ్ళాడు. ఆ ఓదార్పు నాకు చెందదని తెలిసీ ఉంచేసుకున్నాను. ఏం చెయ్యను, తిరిగి ఇవ్వాలంటే నిజం చెప్పాలి.

రసూల్ మెస్సునుంచి ప్రతి సాయంత్రం ఒక పళ్ళెం పంపేవాడు. గంజి, సమోసా, రెండు ఖర్జూరాలు. నేను ఉపవాసం ఉండనని తెలుసు. అయినా వాళ్ళు ఉపవాసం విడిచే వేళకు నాకూ వచ్చేది, ఒక్క రోజూ తప్పలేదు. నేను తిన్నాను. గొంతు దిగడం లేదని చెబితే మీకు బాగుంటుంది, కానీ దిగింది. బాగుండేది కూడా. రసూల్ చెయ్యి మంచిది.

నా వీసా మళ్ళీ కొట్టారు. రసూల్ ఏడాది తిరిగేసరికి ఇక నిలబడలేనని తనే క్యాన్సిల్ చేయించుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు నా గదికి వచ్చి, కంప్యూటరు నేర్పినందుకు మేలు మర్చిపోనన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. బస్సు వచ్చేస్తోందని తొందరపెట్టాను.

ఇప్పుడు కావలిలో పెళ్ళిళ్ళకు బిర్యానీ వండిస్తాడు. వండిస్తాడు అన్నది తెలిసే రాస్తున్నాను. కుర్చీ వేసుకుని కూర్చుని మనుషుల చేత చేయిస్తాడు. నిలబడలేడు. చుట్టుపక్కల మంచి పేరుంది. ఒకప్పుడు నేను ఇలా కూడా సర్ది చెప్పుకున్నాను: నా వల్లే కదా మెస్సుకు వెళ్ళాడు, మెస్సుకు వెళ్ళబట్టే కదా ఈ పేరు వచ్చింది అని. చూశారా, దొంగతనాన్ని కూడా దానంగా చూపించగల మనిషిని. ఆ మోకాలు ఎవరి లెక్కలో వెయ్యాలి? ఆ కుర్చీలోనే ఉంటే అది అంత చెడేదా? ఎవరూ చెప్పలేరు. డాక్టరు కూడా చెప్పలేడు. నేను మాత్రం చెప్పగలను, నన్ను నేను మోసం చేసుకోని పూట.

నేను చేసింది ఇదీ. ఫైలులో గీత నాది. ఎంటర్ కొట్టమన్నది నేను. అందరి ముందూ నోరు మూసుకున్నది, మెప్పు తీసుకున్నది నేను. రాసేశాను. రాశాక గుండె తేలికపడిందా అంటే, పడింది. పడకూడదనే అనుకున్నాను, కానీ పడింది. చాలా ఏళ్ళ తర్వాత నా మీద పెంచి చెప్పుకోవడానికి ఏమీ లేని మనిషిగా కాసేపు కూర్చున్నాను.

మీకు పంపేముందు రసూల్‌కు వినిపించాలనిపించింది. క్షమించమని అడగడానికి కాదు, వాడి పేరు ఉంది కాబట్టి. ఫోన్ చేసి మొదటినుంచీ చదివాను. అవతల పెళ్ళివంట ఏదో జరుగుతోంది, గిన్నెల మోత వినపడుతోంది. గీత దగ్గరికి వచ్చేసరికి ఆ మోత దూరమైంది, పక్కకు జరిగినట్టున్నాడు. చివరిదాకా చదివి, అయిపోయింది రసూల్ అన్నాను.

"అయిపోలేదు మాస్టారూ. గడ్డం గీసుకుంటా బయటే ఉన్నా, తెర చూడలేదు అని రాసినారే. అది తప్పు. మీరు లోపలికి వచ్చినారు. సబ్బు తువ్వాలుకు తుడుచుకోని, కళ్ళజోడు పెట్టుకోని, తెర మీదికి వంగి మరీ చదివినారు. ఆ స్టారు మీద వేలు పెట్టి, ఇన్నాళ్ళకు వచ్చిందిరా అని నవ్వినారు. ఏం వచ్చిందో అప్పుడు నాకు తెలీదు, మీరు నవ్వితే నేనూ నవ్వినా. ఇప్పుడు తెలిసింది. అది వదిలేసి పంపబాకండి."